మాత్రల చప్పుడు

పెట్టె ఎగిరొచ్చి వాకిట్లో పడింది. మూత ఊడిపోయి నైగాగా బట్టలన్నీ ఎర్రమట్టిలో దొర్లాయి.

"మాత్రలమ్ముకునే దానికి నా ఇంట్లో చోటు లేదు," అంది కౌధా గుమ్మంలో నిలబడి. "పంచాయితీ అయిపోగానే మీ పుట్టింటి దారి పట్టు."

"నేనమ్మలేదత్తా."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయాయా?"

కంచె అవతల మూగిన ఆడవాళ్లను తోసుకుని ముతేసి ముందుకొచ్చింది. ఆమె మొగుడు కిరుండాను తెల్లవారుతూనే మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య ఇరికించి రేవుకీ, అక్కణ్ణుంచి పడవలో హెల్త్ సెంటర్‌కీ తీసుకెళ్లారు. పోయిన క్రిస్మస్‌కి సరస్సులో ఒంటిచేత్తో వల లాగిన మనిషి, ఇవాళ తన తల తాను నిలబెట్టుకోలేకపోయాడు.

"ఆయనకేమన్నా అయితే నీ గుమ్మం ముందే చాప వేసుకుంటాను నైగాగా. నువ్వు తినే ప్రతి ముద్దా నన్ను చూస్తూ తినాలి."

నైగాగా వంగి బట్టలు ఏరుకోవడం మొదలుపెట్టింది. ఆమెతోపాటు ఇంకో రెండు చేతులు కూడా మట్టిలోకి వచ్చాయి. ఆడపడుచు నంగోబివి.

"అమ్మ నోరు నీకు కొత్తా?" అంది నంగోబి, గౌను దులిపి మడత పెడుతూ. "ఊరంతా అటున్నా నేను నీ పక్కనే ఉంటాను. మొహం కడుక్కో. నేను చర్చి నుంచి కుర్చీలు మోయించుకొస్తాను."

ఆ ఇంట్లో నైగాగాకి మిగిలిన ఒకే ఒక్క తోడు ఆమె. మొగుడు బలికోవా మూడు రోజులుగా మాట్లాడటం లేదు. చెరకు లారీ దగ్గరే తింటున్నాడు, లారీలోనే పడుకుంటున్నాడు.

మధ్యాహ్నానికి నర్సు అపొలోట్ వస్తోంది. ఊరి ఛైర్మన్ ఇసబిర్యే వస్తున్నాడు. నర్సు కబురు సూటిగా ఉంది. మాత్రలు ఎక్కడ పోతున్నాయో ఇవాళ తేలకపోతే జట్టు రద్దు. ఎవరి మందు వాళ్లే వచ్చి తీసుకెళ్లాలి.

ఆ మాటకి అర్థం నైగాగాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. హెల్త్ సెంటర్ సరస్సు పాయకి అవతల, చెరకు తోటలు దాటాక ఉంది. ఒక్కొక్కరూ వెళ్లి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది, పడవ కిరాయి నెత్తిన పడుతుంది. అందుకే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లంతా జట్టు కట్టారు. వంతు వచ్చినవాళ్లు వెళ్లి అందరి మందూ తెస్తారు, జట్టు పెద్దగా ఇంటింటికీ పంచేది నైగాగా. జట్టు లేకముందు ఊళ్లో ఎంతమంది మందు మానేశారో, వాళ్లలో ఎంతమంది ఇప్పుడు లేరో ఆమెకి తెలుసు. వాళ్ల సమాధుల మధ్య నుంచే ఆమె రోజూ నీళ్లకి వెళుతుంది.

జట్టు విరిగితే ముందు మానేసేది ఎవరో కూడా ఆమె వేళ్ల మీద చెప్పగలదు.

*

కౌధా చంపిన కోడిని తెచ్చి వంటపాకలో నైగాగా ముందు పడేసింది.

"ఛైర్మన్‌కి వండు. పెద్దమనిషి పళ్లెంలో పెట్టే కందనకాయ శుభ్రం చేయాల్సిందీ, మోకాళ్ల మీద కూర్చుని వడ్డించాల్సిందీ ఇంటి కోడలే. పోయే ముందు ఆ పనొకటి చేసి పో."

నైగాగా కోడిని పైకెత్తింది. చెయ్యి లాగేంత బరువుంది. "ఇదెక్కడి కోడత్తా?"

"కోడిలో ఎక్కడిదేముంది? వండు."

ఆ మాట నిజమే. జింజా పట్నం హోటళ్ల వాళ్లు వ్యాను వేసుకుని రావడం మొదలయ్యాక ఆ వీధిలో కోళ్లు పెంచని ఇల్లు లేదు. కౌధా గంపల కింద పెంచుతుంది. నంగోబికి వెనక వల కట్టిన దొడ్డిలో ఉన్నాయి. ఇరుగుపొరుగుకీ ఉన్నాయి. అన్నీ ఒకే జాతి, ఒకే రంగు.

కౌధా వెళ్లబోయి ఆగింది. గొంతు తగ్గించింది. ఊరికి వినిపించే గొంతు వేరు, ఇది వేరు.

"వాడి బెల్టు చూశావా?"

"ఎవరి బెల్టు?"

"నీ మొగుడిది. మేకుతో కొత్త కన్నం పొడుచుకున్నాడు. అది చాలక దాని పక్కనే ఇంకొకటి." ఆమె కళ్లు తడిగా మెరిశాయి. "వాడూ ఆ మందు మీదే బతుకుతున్నాడని ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. కన్నతల్లిని. బయటవాళ్ల మాత్రలు అమ్ముకున్నావ్, సరే. కట్టుకున్నవాడివి కూడానా?"

నైగాగా నోరు తెరిచేలోపే అత్త వెళ్లిపోయింది.

మరుగునీళ్లు పోసి ఈకలు పీకింది. పొట్ట చీల్చి కందనకాయ విడిగా తీసి పెట్టింది. తర్వాత మెడ కింద గింజల సంచి కోసింది. తడిసిన మొక్కజొన్న తవుడు ముద్దగా బయటికొచ్చింది.

ముద్దలో తెల్లటి పలుకులున్నాయి.

మేతలో కలిపే గవ్వ ముక్కలనుకుంది. వేలితో నలిపింది. గవ్వ అలా పొడి కాదు. ఇంకొంచెం వెతికితే సగం విరిగిన బిళ్ల ఒకటి దొరికింది. దాని మీద చెక్కిన అక్షరం ఇంకా కరగలేదు. నాలిక చివర పెట్టుకుని చూసింది.

ఆ చేదు ఆమెకి తెలుసు. ఏళ్ల తరబడి రోజూ మింగుతున్న చేదు.

కిరుండా తల నిలబెట్టుకోలేకపోయింది ఇందుకా? కోళ్లు లావెక్కడానికా?

ఆమె బుర్ర పరుగెత్తింది. మాత్రలు హెల్త్ సెంటర్ నుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తాయి. డబ్బాతో మోటారు సైకిలెక్కితే గతుకు గతుక్కీ గలగలమంటుంది. ఆ చప్పుడు ఏ మందుదో ఆ జిల్లాలో పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకే జట్టువాళ్లంతా బతిమాలారు, మాకు డబ్బాలొద్దు, గుడ్డ సంచుల్లో పోసి ఇవ్వమని. నైగాగా ఒప్పుకుంది. డబ్బాల సీలు ఇంట్లోనే విప్పేవారు. పువ్వుల గుడ్డతో సంచులు నంగోబి కుట్టేది. పంచేదాకా అవి కౌధా చెక్కపెట్టెలో ఉండేవి. పెట్టె తాళంచెవి కౌధా నడుముకి ఉండేది.

కోడిని తెచ్చిందీ కౌధాయే.

నైగాగా ఆ తెల్లటి పలుకుల్ని అరిటాకులో చుట్టి కొంగు కింద దోపుకుంది. అరవలేదు. ఇప్పుడరిస్తే దొంగ అరుపంటారు.

"నైగాగా."

గుమ్మంలో బలికోవా. మగవాళ్లు వంటపాకలోకి రారు. అతను గడప అవతలే నిలబడ్డాడు. చొక్కా భుజాల మీద నుంచి జారుతోంది.

"మూడు రోజులకి నోరొచ్చిందా?" అంది ఆమె.

"నా సంచీ కూడా ముందే ఖాళీ అయింది."

"ఎప్పటినుంచి?"

"వానలు మొదలైనప్పటినుంచి. ప్రతిసారీ."

"నాకెందుకు చెప్పలేదు?"

పొయ్యి మీద నీళ్లు కాగి పొంగాయి.

"నువ్వే తీస్తున్నావేమో అనుకున్నాను."

"అడిగితే పోయేది కదా."

"అడిగితే అవునంటావేమోనని భయమేసింది."

నైగాగా అతని వైపు చూసింది. కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది, అందుకు మళ్లీ కోపం వచ్చింది. "సందు చివర లారీ పెట్టుకుని పడుకునే బదులు, పందిట్లోకి వచ్చి కూర్చో. ఇవాళ నాకు మనిషి కావాలి."

*

ఛైర్మన్ ఇసబిర్యే రేకుల పందిట్లో కుర్చీ నిండా కూర్చుని గాలి పీల్చాడు. "కూర ఉడుకుతున్నట్టుంది. అది దిగేలోపు మాటలు తేల్చేద్దాం. ఆకలి మీద నేను తీర్పు బాగా చెబుతాను."

నంగోబి తెప్పించిన కుర్చీలు సగం ఖాళీగానే ఉన్నాయి. జట్టులో చాలామంది రాలేదు. వచ్చినవాళ్లు నేల చూపులు చూస్తున్నారు. నర్సు అపొలోట్ ఒళ్లో పెద్ద సంచీ పెట్టుకుని నిటారుగా కూర్చుంది. కౌధా స్తంభానికి ఆనుకుని చాప మీద కూర్చుంది. నంగోబి వచ్చి నైగాగా పక్కన కూర్చుని ఆమె చేతి మీద చెయ్యి వేసింది.

కంచె పొడుగునా తలలు. ఎవరూ వినడం లేదన్నట్టు నిలబడి అందరూ వింటున్నారు.

ముతేసి లేచింది. "నా మొగుడి సంచీ ముందే ఖాళీ అయిపోయేది. మిగతా రోజులు ఉత్త నీళ్లు తాగి పడుకునేవాడు. అడగవయ్యా అంటే సిగ్గన్నాడు. సంచీ తెచ్చేది ఈవిడ. ఇంతకన్నా నేను చెప్పేదేం లేదు."

"నీ మాటేమిటి నైగాగా?" అన్నాడు ఛైర్మన్.

నైగాగా లేచి నిలబడింది. ఛైర్మన్ వైపు తిరగలేదు. జట్టు వైపు తిరిగింది.

"నన్ను దొంగనండి, తర్వాత చూసుకుందాం. ముందు నేనొకటి అడుగుతాను. కిరుండా సంచీ ఒక్కటేనా తగ్గింది? ఇంకెవరి సంచీ అయినా ముందే ఖాళీ అయిందా?"

వంటపాకలో కట్టె చిటపటమంది.

"సిగ్గుపడి చచ్చిపోదామా మనం?" అంది ఆమె. "దానికేనా ఇన్నేళ్లు మింగింది?"

వెనక వరసలో ముసలి టిబెంకానా గొంతు సవరించుకున్నాడు. పాతకాలపు జాలరి. సారా వాసన లేకుండా అతన్ని చూసినవాళ్లు తక్కువ.

"నాది ఖాళీ అయింది," అన్నాడు. "తాగిన మైకంలో రెండేసి మింగుతున్నానేమో అనుకున్నా. అందుకని తాగడం మానేశా. అయినా తగ్గాయి. అనవసరంగా మానేశానే అని ఏడుపొచ్చింది."

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వరసలోంచి వరసలోకి పాకింది. ఆ నవ్వులోనే ఇంకో ఆడమనిషి లేచింది.

"నాదీ అంతే. మా పిల్లలు పారేశారని వాళ్లని కొట్టాను."

"నాది కూడా. గుడ్డ సంచీ చిల్లు పడిందేమోనని కుట్టు తిప్పి చూసుకున్నా."

"నేను ఇద్దరికి మాత్రలు బదులిచ్చాను, అదే కారణమనుకున్నా."

ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఒక్కొక్కరూ తన ఒక్కరిదే తప్పనుకున్నారు. ఒక్కొక్కరూ ఎవరికీ చెప్పలేదు. అందుకే కొందరు మానేశారు, కొందరు మొహం చాటేశారు.

నర్సు అపొలోట్ తల పట్టుకుంది. "నా దగ్గరికి రావచ్చు కదా. మందు ముందే అయిపోయిందంటే నేను తిడతానని ఎవరు చెప్పారు?"

"మీ మొహం చెప్పిందమ్మా," అన్నాడు టిబెంకానా.

ఈసారి కంచె అవతల కూడా నవ్వారు. నర్సు నవ్వాపుకోబోయి ఓడిపోయింది. "సరే. రేపటినుంచి ఈ మొహం ఇంట్లో వదిలొస్తాను. ఖాళీ చేతులతో వచ్చినా రండి. రాకపోవడమే నాకు భయం."

పందిరి చివర కుర్చీ జరిగిన చప్పుడైంది.

బలికోవా లేచాడు. కంచె అవతల గుసగుసలు ఠక్కున ఆగిపోయాయి. చెరకు లారీలో ఊళ్లన్నీ తిరిగే బలికోవా, బలికోవాకేం పని ఇక్కడ?

"కూర్చో," అంది కౌధా. "కూర్చోరా."

"నా సంచీ కూడా తగ్గిందమ్మా," అన్నాడు అతను, అందరికీ వినపడేలా. "నా పెళ్లాం నా మందు అమ్ముకోలేదు. అమ్ముకుందని అనుకున్నందుకు నేనే ఆమెకి మొహం చూపించలేకపోతున్నాను."

కౌధా చేతుల్లో మొహం దాచుకుంది. నైగాగాకి కాళ్ల కింద నేల గట్టిపడినట్టయింది.

"నర్సమ్మా," అంది ఆమె. "ఆ సంచీలో కొత్త డబ్బాలున్నాయి కదా. సీలు తీయకుండా ఒకటివ్వండి."

నర్సు ఇచ్చింది. నైగాగా దాన్ని తలపైకెత్తి ఆడించింది.

గలగల.

కంచె దగ్గర ఒకరిద్దరు అలవాటుగా తలలు తిప్పుకున్నారు.

"ఈ చప్పుడికి భయపడే సీలు విప్పాం," అంది నైగాగా. "డబ్బా అలాగే ఉండి ఉంటే ఎవడి చెయ్యీ లోపలికి పోయేది కాదు. దొంగకి తలుపు తీసిపెట్టింది మన సిగ్గే. ఇవాళ్టితో గుడ్డ సంచులు బంద్. సీలున్న డబ్బా ఎవరిది వాళ్లే తీసుకెళ్లాలి. చప్పుడైతే కానీండి."

నర్సు డబ్బాలు పంచడం మొదలుపెట్టింది. టిబెంకానా చెయ్యి చాచి తన డబ్బా పుచ్చుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశాడు. తర్వాత భుజం కదిలిస్తూ, పెళ్లిళ్లలో గిలక్కాయ ఆడించే వాడిలా, తాళం వేశాడు. పక్కనున్నావిడ "ముసలాడికి సిగ్గు లేదు" అంటూనే తన డబ్బాతో అందుకుంది. ఇంకొకరు. ఇంకొకరు. రేకుల పందిరి కింద ఆ చప్పుడు వానలా మోగింది. వంటపాక మీద పావురాలు లేచిపోయాయి.

కంచె తడిక తోసుకుని ఒకామె లోపలికొచ్చింది. ముఖానికి కొంగు కప్పుకుని ఉంది. నర్సు ముందు మోకాళ్ల మీద కూర్చుని కొంగు తీసింది.

"నేను రావడం మానేసి చాలా కాలమైంది," అంది. "నాకూ ఒక డబ్బా ఉంటుందా?"

"ఉంటుంది," అంది నర్సు. "నీ కోసమే వెతుకుతున్నాం తల్లీ. పద, ముందు పరీక్ష చేద్దాం." ఛైర్మన్ వైపు తిరిగింది. "జట్టు రద్దు కాదు. రాసుకోండి. ఇంకో జట్టు కూడా పెట్టాల్సొచ్చేలా ఉంది."

ముతేసి నైగాగా దగ్గరికొచ్చింది. నైగాగా చేతిలోని డబ్బా తీసుకుని, "ఇది ఆయనకి తీసుకెళతా," అంది. అంతలోనే ఆమె మొహం మళ్లీ బిగిసింది. "సరే. అందరివీ తగ్గాయి. నువ్వు తీయలేదు. మరి తీసిందెవరు?"

చప్పుడు ఆగిపోయింది.

"కూర దిగింది," అంది నైగాగా.

*

ఆమె పళ్లెం తెచ్చి ఛైర్మన్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పళ్లెంలో కందనకాయ ఉంది. దాని పక్కన అరిటాకు పొట్లం.

"ఇదేంటమ్మా, ఊరగాయా?"

"విప్పండి. ఈ కోడి మెడ సంచిలో దొరికింది."

ఇసబిర్యే విప్పాడు. తవుడు అంటిన తెల్లటి పలుకులు, సగం బిళ్ల. నర్సు వంగి చూసింది. ఆ బిళ్లని ఎత్తి వెలుతురుకి పట్టింది. ఆమె ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఛైర్మన్ పళ్లెం దూరంగా జరిపాడు. "ఎక్కడో ఎవడో కోళ్లకి ఈ మాత్రలు పెడుతున్నాడంటే నవ్వాను నేను. లావెక్కుతాయని ఎవడు చెప్పాడో." అతని గొంతులో హాస్యం మొత్తం పోయింది. "నాకు కూడా తినిపించబోయారన్నమాట. ఈ కోడి ఎవరిది?"

"నాకు తెలియదు," అంది నైగాగా. "చంపి నా చేతికిచ్చింది అత్తయ్య."

అన్ని తలలూ స్తంభం వైపు తిరిగాయి.

కౌధా మొహం మీద నుంచి చేతులు తీసింది. అరిటాకులోని తెల్లటి పలుకుల్ని చూసింది. చూస్తూ చూస్తూ ఆమె చెయ్యి నడుముకున్న తాళంచెవి మీదికి పోయింది. దాన్ని ఎవరో అడిగి తీసుకున్న సాయంత్రాలన్నీ ఒకటొకటే గుర్తొస్తున్నట్టు, ఆ చెవిని వేళ్లతో తడుముతూ ఉండిపోయింది.

నైగాగాకి తన చేతి మీద ఇందాక ఉన్న చెయ్యి గుర్తొచ్చింది. పక్కకి చూసింది. నంగోబి లేచి నిలబడి ఉంది.

"అది నీ గంప కింద కోడే కదమ్మా," అంది నంగోబి మెత్తగా. "చెప్పేయ్. పెద్దదానివి, నిన్నెవరేమంటారు?"

తల్లీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుల మధ్యకి ఎవరూ వెళ్లలేకపోయారు. ఒక్క మాట చాలు కౌధాకి. నాదే అంటే చాలు. ముసలిదాని తెలివితక్కువ పని కింద జమకట్టి, నాలుగు చివాట్లు పెట్టి ఛైర్మన్ లేచిపోతాడు. కూతురు మిగులుతుంది. కోళ్ల దొడ్డి మిగులుతుంది.

"పెద్దమ్మా," అన్నాడు ఇసబిర్యే. "కోడిని ఎక్కడ పట్టావ్?"

కౌధా చూపు కూతురి మీద నుంచి జారింది. పందిరి చివరిదాకా వెళ్లింది. అక్కడ బలికోవా ఇంకా నిలబడే ఉన్నాడు. నడుముకి బెల్టు. బెల్టుకి మేకుతో పొడుచుకున్న రెండు కన్నాలు. మిగిలిన తోలు ముక్క పక్కకి వేలాడుతోంది.

ఆమె స్తంభం పట్టుకుని లేచింది. లేచి, కోడలి దగ్గరికి నడిచింది. నడుముకున్న తాళంచెవి విప్పి నైగాగా చేతిలో పెట్టింది. అప్పుడు ఛైర్మన్ వైపు తిరిగింది. ఊరికి వినిపించే ఆ గొంతుతోనే చెప్పింది.

"మొన్న వ్యానుకి అమ్మేశాక నా గంపలు ఖాళీగానే ఉన్నాయి. వెనక వల దొడ్డిలో పట్టాను. ఆ దొడ్డి నా కూతురిది, తాళంచెవి అడిగి తీసుకునేదీ అదే. మాత్రలు తీసింది నంగోబి."